నాలుగు అంచుల బట్ట

1781 మే 18న, పెరూలోని కుస్కో నగరం నడిబొడ్డున, స్పానిష్ ప్రభుత్వం తూపాక్ అమారు అనే తిరుగుబాటు నాయకుణ్ణి చంపింది. ముందు అతని కళ్ళెదుటే అతని భార్య మికాయెలా బస్తీదాస్‌ని చంపారు. తర్వాత అతని నాలుక కోశారు. కాళ్ళూ చేతులూ నాలుగు గుర్రాలకి కట్టి నాలుగు వైపులకీ లాగించారు. గుర్రాల వల్ల కాలేదు. చివరికి తల నరికారు.

లాటిన్ అమెరికా చరిత్ర కాస్తో కూస్తో చదివినవాళ్ళకి ఇంతవరకూ తెలిసిన కథే. ఆ మరణశిక్ష రాసిన కాగితంలో మిగతా భాగం అంతగా తెలీదు. హోసే ఆంతోనియో దె అరేచె అనే అధికారి ఇచ్చిన ఆ తీర్పు మనిషితో ఆగలేదు. ఇన్కా రాజుల కాలంనాటి దుస్తులు ఇకమీదట ఎవరూ వేసుకోకూడదు. ఇళ్ళలో ఉన్నవి తెచ్చి అప్పగించాలి. ఇన్కాల బొమ్మలు గోడలమీంచి తీసెయ్యాలి. శంఖాలు ఊదకూడదు. కెచువా మాని స్పానిష్ మాట్లాడాలి, స్పానిష్ వాళ్ళలా బట్టలు కట్టుకోవాలి.

భాషమీద నిషేధం అంటే అర్థమవుతుంది. పాలకులు భాషకి భయపడటం మనకి కొత్త కాదు. కానీ బట్టలు? ఫిరంగులూ గుర్రాలూ ఉన్న సామ్రాజ్యం నేసిన గుడ్డని చూసి జంకడమేంటి? ఆండీస్ పర్వతాల నేత గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఈ ప్రశ్నతోనే. చదివే కొద్దీ అరేచె తెలివితక్కువవాడేం కాదనిపించింది. తను దేన్ని నిషేధిస్తున్నాడో అతనికి బాగానే తెలుసు.

ఆండీస్‌లో కుండ కంటే బట్ట ముందు పుట్టింది. పెరూ ఉత్తర తీరంలో వాకా ప్రియేతా అనే పాత దిబ్బలో దొరికిన నూలు పీలికల్లో నీలిమందు అద్దకం ఉన్నట్టు 2016లో పరిశోధకులు ప్రకటించారు. వాటి వయసు దాదాపు 6,000 ఏళ్ళు. దక్షిణాన పరాకాస్ ఎడారిలో 1927లో హూలియో తెయ్యో అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్విన శ్మశానంలో 429 మూటలు బయటపడ్డాయి. ఒక్కో మూటలో ఒక మనిషి. కొందరి చుట్టూ పొరలు పొరలుగా, రంగులు ఇంకా వెలిసిపోని కుట్టుపని దుప్పట్లు. బతికున్నవాళ్ళు కప్పుకోడానికి కాదు, చచ్చిపోయినవాళ్ళకి చుట్టి మట్టిలో పెట్టడానికి ఎన్నేళ్ళ చాకిరీ చేశారో ఆలోచించండి.

ఇన్కాలు వచ్చేది చాలా తర్వాత, 15వ శతాబ్దంలో. వాళ్ళ రాజ్యంలో మనకి తెలిసిన అర్థంలో డబ్బు లేదు, లిపి లేదు. ముడులు వేసిన తాళ్ళు ఉండేవి. ఖిపు అంటారు. లెక్కలన్నీ వాటిలోనే. ఇంకోటి బట్ట. జాన్ ముర్రా అనే మానవశాస్త్రవేత్త 1962లో రాసిన ఒక వ్యాసం ఈ విషయంలో చాలామంది కళ్ళు తెరిపించింది. ఇన్కా రాజ్యంలో బట్ట ఏం పని చేసేదన్నదే ఆ వ్యాసం. ప్రభుత్వం తన మందల ఉన్ని ఇంటింటికీ పంచుతుంది, ఇంటివాళ్ళు నేసి తిరిగివ్వాలి. సైనికుడికి బట్ట, పనిచేసిన అధికారికి బట్ట, దేవుడికి బట్ట. దేవుడికిచ్చే బట్టని మంటల్లో వేస్తారు. కొత్తగా ఓడిన ప్రాంతపు పెద్దకి ఇన్కా రాజు మేలిరకం అంగీ బహూకరిస్తాడు. అది తొడుక్కున్నాడంటే లొంగినట్టే. కానుకలా కనిపించే సంకెల అన్నమాట.

బట్టలో రెండు రకాలుండేవి. ఇంట్లో నేసే మామూలు ముతక బట్ట అవస్క. రాజుకీ దేవుడికీ నేసే సన్నని బట్ట కుంబి. కుంబి నేయడానికి దేశం నలుమూలల నుంచీ ఏరి తెచ్చిన ఆడపిల్లలుండేవాళ్ళు, అక్ల్యకూన అంటే 'ఎంపికైనవాళ్ళు'. మగ నేతగాళ్ళు కూడా ఉండేవాళ్ళు. స్పానిష్ సైనికులు ఈ దేశంలో అడుగుపెట్టినప్పుడు నోరెళ్ళబెట్టి చూసినవాటిలో బంగారం ఒక్కటే లేదు, పైకప్పుదాకా బట్టలు పేర్చిన ప్రభుత్వ గోదాములూ ఉన్నాయి. వెనక్కి తగ్గే ఇన్కా సేనలు ఆ గోదాముల్ని తగలబెట్టిన సందర్భాలున్నాయి. శత్రువుకి ఏది దక్కకూడదో వాళ్ళకి తెలుసు.

గ్వామన్ పోమా అనే కెచువా రచయిత 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజుకి దాదాపు 1,200 పేజీల ఉత్తరం రాశాడు. అందులో సుమారు 400 బొమ్మలు. ఆ ఉత్తరం రాజుకి చేరిందో లేదో గానీ, 1908లో కోపెన్‌హేగన్‌లోని రాజ గ్రంథాలయంలో దొరికింది. ఇన్కాల జనాభా లెక్కల్లో మనుషుల్ని వయసుని బట్టీ, చెయ్యగలిగే పనిని బట్టీ ఎలా వర్గాలు చేసేవాళ్ళో అందులో బొమ్మలేసి చూపించాడు. మగవాళ్ళ వరసలో మొదటివాడు యోధుడు. ఆడవాళ్ళ వరసలో మొదటిది నేతగత్తె. ఇద్దరికీ వయసు 33. యుద్ధం చేసేవాడికి సాటి, నేసే మనిషి. నాకు ఇది అలంకారంగా అనిపించదు. ఓడిన రాజ్యంలో అంగీలు పంచడానికి ఎవరో ఒకరు నేయాలి కదా.

స్పానిష్ పాలనలో మగ్గం ఆగలేదు, దాని మీద పెత్తనం మారింది. కప్పం బట్ట రూపంలో వసూలు చేశారు. ఒబ్రాహె అనే నేత శాలలు పెట్టి అప్పుల్లో కూరుకున్నవాళ్ళనీ ఖైదీలనీ వాటిలోకి తోశారు. ఇది చాలదన్నట్టు రెపార్తో అనే పద్ధతి ఒకటి. జిల్లా అధికారి తన సరుకుని, అందులో స్పెయిన్ నుంచి వచ్చిన బట్టని కూడా, గ్రామస్థుల చేత బలవంతంగా, తను చెప్పిన ధరకి కొనిపిస్తాడు. వెయ్యేళ్ళుగా తమ బట్ట తామే నేసుకుంటున్నవాళ్ళ చేత బట్ట కొనిపించడం! 1780 నవంబరులో తూపాక్ అమారు మొదట పట్టుకుని ఉరితీసింది అలాంటి ఒక జిల్లా అధికారినే. కొన్నాళ్ళకే పోమకాంచి అనే చోట ఒబ్రాహె తలుపులు తెరిపించి, అందులోని బట్టనీ ఉన్నినీ జనానికి పంచిపెట్టాడు.

ఇప్పుడు అరేచె తీర్పు మళ్ళీ చదవండి. ఇన్కా అంగీ అతనికి పాతకాలపు వేషం కాదు. అధికారం ఎవరిదో చెప్పే కాగితం లాంటిది. రాజముద్రని ఎందుకు లాక్కుంటారో అంగీనీ అందుకే లాక్కున్నాడు.

మరి నిషేధం నెగ్గిందా? సగం నెగ్గింది. ఇవాళ కుస్కో వీధుల్లో, పత్రికల ముఖచిత్రాల్లో కనిపించే 'సంప్రదాయ' కెచువా దుస్తుల్ని జాగ్రత్తగా చూస్తే, గుండ్రటి టోపీ, గేరల గేరల లంగా, పొట్టి కోటు — ఇవన్నీ స్పెయిన్ పల్లెల నుంచి వచ్చినవే. చెవులు కప్పే అల్లిక టోపీ, చుల్యు, ఆండీస్‌కే గుర్తుగా మారింది గానీ, రెండు సూదులతో అల్లడం అన్న విద్యే స్పానిష్ వాళ్ళతో వచ్చింది. అంతకుముందు ఆండీస్‌లో ఆ అల్లిక లేదు. ఇది తెలిసినప్పుడు నాకు నిరాశ కలగలేదు, ముచ్చటేసింది. వేసుకోమని బలవంతపెట్టిన కోటుని వేసుకుని, దాని అంచులకి తమ పట్టీలు కుట్టి, మూడు తరాల్లో దాన్ని తమదిగా చేసేసుకున్నారు. కోటు కింద నడుముకి బిగించిన పట్టీ, భుజాల మీది శాలువా మాత్రం పాతవే. వాటి నేత మారలేదు.

ఆ నేత గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత చెప్పబోయేది గాల్లో తేలుతుంది.

ముందు వడకడం. పుష్క అనే చిన్న కదురు చేతిలో ఉంటుంది, కొండెక్కుతూ, గొర్రెలు కాస్తూ, సంతకి పోతూ వడుకుతూనే ఉంటారు. ఒక శాలువాకి నేయడం కంటే నూలు తియ్యడానికే ఎక్కువ కాలం పడుతుంది. మామూలు దారాన్ని కుడివైపు పురి తిప్పుతారు. ఎడమవైపు తిప్పిన దారాన్ని ల్యొకె అంటారు, దానికి కీడుని ఆపే శక్తి ఉందని నమ్మకం. చేతి మణికట్టుకో కాలికో కడతారు, బట్ట అంచుల్లో కలుపుతారు. తర్వాత రంగు. ఎర్రటి రంగు ముళ్ళజెముడు మీద బతికే కొచినీల్ పురుగు నుంచి వస్తుంది. ఎండబెట్టి నూరి, పటిక లాంటి ఖనిజాలు కలిపితే గులాబీ నుంచి ముదురు ఊదా దాకా ఎన్ని ఛాయలైనా తీస్తారు. ఇప్పటికీ ప్రపంచంలో ఈ పురుగు రంగుని ఎక్కువగా తయారుచేసేది పెరూనే. మనం తినే తినుబండారాల్లో, పెదాల రంగుల్లో కూడా వాడతారు.

మగ్గం అంటే గుంతా పలకలూ ఏమీ లేవు. ఒక కొసని స్తంభానికి కట్టి, రెండో కొసని పట్టీతో నడుముకి తగిలించుకుంటారు. ఒళ్ళు వెనక్కి వాల్చితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. అంటే మగ్గంలో సగం మనిషే. పేకని బిగించడానికి రుకి అనే లామా ఎముక. మన చీరల్లో పడుగూ పేకా రెండూ కనిపిస్తాయి. వీళ్ళ బట్టలో పడుగు దారాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే పేక పూర్తిగా లోపల దాక్కుంటుంది. డిజైనంతా పడుగులోనే. ఏ దారం పైకి రావాలో ఏది కిందికి పోవాలో చేత్తో ఏరుతూ నేస్తారు.

అన్నిటికంటే నన్ను ఆపింది వేరే విషయం. ఈ బట్టని కత్తిరించరు. పడుగుని మొదటే కావలసిన కొలతకి చుట్టేస్తారు. దారం ఆ కొస నుంచి ఈ కొసకి తెగకుండా తిరిగి తిరిగి వస్తుంది. రెండు వైపుల నుంచీ నేసుకుంటూ వచ్చి, మధ్యలో చెయ్యి దూరనంత సందు మిగిలినప్పుడు సన్నని పుల్లతోనూ సూదితోనూ పూర్తి చేస్తారు. అందుకే ఆ బట్టకి నాలుగు వైపులా అంచే. ఊడిపోయే కొస ఒక్కటీ ఉండదు. తాను నుంచి కోసిన ముక్క కాదు, మగ్గం మీద మొదలై మగ్గం మీదే పూర్తయిన వస్తువు. అందుకే కోసి చొక్కాగా కుట్టడం అన్న ఆలోచనే ఆ నేతలో ఇమడదు. పెద్ద శాలువా కావాలంటే రెండు బట్టలు నేసి మధ్యలో కలిపి కుడతారు.

ఆ నేత మాటలూ బాగుంటాయి. డిజైనున్న చారని పల్యాయ్ అంటారు. కెచువాలో పల్యాయ్ అంటే ఏరడం, పంట కోయడం. డిజైను లేని సాదా భాగం పంప, అంటే మైదానం. కొన్ని ఊళ్ళలో అంచు చుట్టూ నేస్తూనే కుట్టే సన్నటి గొట్టం లాంటి పట్టీలో కళ్ళ వరస ఉంటుంది, దాని పేరులో ఞావి అనే మాట ఉంది. ఞావి అంటే కన్నే. పొలం, కోత, కన్ను. కొండవాలులో బంగాళాదుంపలు పండించుకునేవాళ్ళు తమకి తెలిసిన మాటలే మగ్గానికీ ఇచ్చారు.

ఇక వాడకం. భుజాల మీది శాలువా లిక్ల్య. గుండెల దగ్గర పొడవాటి పిన్ను గుచ్చి నిలబెడతారు. కొంచెం ముతకదైతే అందులో పసిబిడ్డనో, దుంపలనో, కట్టెలనో మూటగట్టి వీపున వేసుకుంటారు. నడుముకి కట్టేది చుంపి. పుట్టిన బిడ్డని గుడ్డలో చుట్టి పైన బిగించేదీ చుంపినే. కోకా ఆకులు పెట్టుకునే చిన్న సంచి చుస్ప. ఇద్దరు కలిస్తే ఆకులు ఇచ్చిపుచ్చుకోవడం మర్యాద. ఉంకుఞ అనే చిన్న చదరపు గుడ్డ పొద్దున ఉడికిన దుంపలు మూట కట్టుకోడానికి పనికొస్తుంది. ఆగస్టులో పచమామ, అంటే భూమి తల్లి, ఆకలిగా ఉండే రోజుల్లో నైవేద్యం పరిచేదీ అలాంటి గుడ్డ మీదే. మూడు మంచి కోకా ఆకులు ఏరి, ఊది, దాని మీద పెడతారు. మనిషి చనిపోతే కొన్నాళ్ళకి బంధువులు ఏటికెళ్ళి అతని బట్టలు ఉతుకుతారు. వెళ్ళిపోవాల్సినవాడు బట్టల్లో మిగిలిపోకూడదని.

ఇక్కడ నిత్యం వాడేది వేరు, పూజకి వాడేది వేరు అని గీత గీయడం కష్టం. తితికాకా సరస్సులోని తకీలె దీవినే చూడండి. దాని నేతని యునెస్కో 2005లో గుర్తించింది. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్ళు. పెళ్ళైనవాడి టోపీ పూర్తిగా ఎరుపు, కానివాడిది పైభాగం తెలుపు. ఏడాదిలో ఏ నెల ఏ పనో చిత్రించిన వెడల్పాటి నడికట్టు ఉంటుంది. పెళ్ళి కోసం నేసే నడికట్టులో వధువు తన జుట్టు కూడా కలుపుతుంది. భర్త దాన్ని కట్టుకుని బరువులు మోస్తాడు. అది ఆభరణమా, పనిముట్టా, ప్రమాణమా? మూడూ.

ఈ బట్టలమీద డిజైన్లు 'రాత' అనీ, ఒక్కో గుర్తూ ఒక అక్షరమనీ చెప్పే పర్యాటక కరపత్రాలు చాలా ఉన్నాయి. చదువుకున్నవాళ్ళకి ఈ మాట తెగ నచ్చుతుంది. మనకి దేన్నైనా పుస్తకం చేస్తే గానీ గౌరవం ఇవ్వబుద్ధి కాదు. ఇన్కా అంగీల మీది తొకాపు అనే చిన్న చదరాలు లిపి అని నిరూపించాలని ప్రయత్నించినవాళ్ళున్నారు, ఎవరూ ఇప్పటిదాకా నిరూపించలేదు. ఒకే డిజైనుకి ఈ ఊళ్ళో ఒక పేరు, పక్క ఊళ్ళో ఇంకో పేరు. అయినా బట్ట చూసి చెప్పగలిగేవి చాలా ఉన్నాయి: ఏ లోయ, ఏ ఊరు, పెళ్ళైందా లేదా, ఒక్కోసారి నేసిన చెయ్యి ఎవరిది అన్నదీ. చేతిరాత గుర్తుపట్టినట్టు. ఉత్తరంలో విషయం అర్థమవ్వకపోయినా అమ్మ రాసిందని తెలుస్తుంది చూడండి, అలా. నిజానికి కథ కూడా అప్పుడప్పుడూ ఉంటుంది. కుస్కోకి ఉత్తరాన లారెస్ లోయలో ఒక డిజైను పేరు తూపాక్ అమారు. గుర్రాలు, మధ్యలో నాలుగు వైపులకీ లాగబడుతున్న మనిషి. బట్టల్ని నిషేధించిన తీర్పు తాలూకు దృశ్యాన్నే బట్టలో పెట్టారు.

గుర్తుపట్టడం అని ఎందుకు పట్టుకుని వేలాడుతున్నానో రెండు ఉదాహరణలు చెప్తాను.

బొలీవియాలో పోతోసి ప్రాంతంలో కొరోమా అనే ఊరుంది. ఐమారా సంప్రదాయం, కెచువా పొరుగు. అక్కడి వంశాల దగ్గర తరతరాల పాత దుస్తుల మూటలుంటాయి. వాళ్ళకి అవి జ్ఞాపకాలు కాదు, పూర్వీకులే. పితృదేవతల పండగకి బయటికి తీసి, తొడుక్కుని, సలహా అడిగి, మళ్ళీ మూటకడతారు. 1980లలో దళారులు ఆ మూటల్లోంచి బట్టలు ఎత్తుకెళ్ళి అమెరికాలో అమ్మారు. 1988లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో జరగబోతున్న ఒక ప్రదర్శన ఆహ్వాన పత్రం చూసి విషయం బయటపడింది. ఊరి పెద్దలు అమెరికా వెళ్ళి తమ బట్టల్ని గుర్తుపట్టారు. 1989లో అమెరికా ఆ బట్టల దిగుమతిని ఆపింది. 1992లో 49 బట్టలు ఊరికి తిరిగొచ్చాయి. సేకర్త దృష్టిలో అవి గోడకి వేలాడే పురాతన కళాఖండాలు. ఊరి దృష్టిలో ఎత్తుకుపోయిన తాతలు.

రెండోది పెరూలోనే. 1980 నుంచి 2000 దాకా అక్కడ మావోయిస్టు గెరిల్లాలకీ సైన్యానికీ మధ్య జరిగిన యుద్ధంలో సుమారు 69,000 మంది చనిపోవడమో మాయమైపోవడమో జరిగిందని 2003లో సత్య కమిషన్ అంచనా వేసింది. ప్రతి నలుగురిలో ముగ్గురి మాతృభాష కెచువా లేదా మరో ఆదివాసీ భాష. 1984 డిసెంబరులో అయకూచో ప్రాంతంలోని పూతిస్ దగ్గర సైనికులు చుట్టుపక్కల గ్రామాలవాళ్ళని, కాపాడతామని నమ్మించి, ఒకచోట చేర్చారు. చేపల చెరువు కోసమని గోతులు తవ్వించారు. తర్వాత వాళ్ళని కాల్చి ఆ గోతుల్లోనే పూడ్చారు. కమిషన్ లెక్క ప్రకారం 123 మంది, పిల్లలతో సహా. 2008లో తవ్వితే 92 మంది అవశేషాలు దొరికాయి.

ఎముకలు ఎవరివో ఎలా తెలుస్తుంది? జన్యు పరీక్షలున్నాయి, అవీ చేశారు. వాటితోపాటు దొరికిన బట్టల్ని కూడా ఉతికి, వరసగా పరిచి, బంధువుల్ని రమ్మన్నారు. ఒక స్వెటరు, ఒక నడికట్టు, చిన్న పిల్లాడి లాగు, మాసిక. దోమింగో హిరిబాల్ది అనే ఫోటోగ్రాఫర్ ఆ బట్టల్ని ఒక్కొక్కటిగా తీసిన ఫోటోలు పుస్తకంగా వచ్చాయి. వాటిలో మనుషులుండరు, శవాలుండవు. చిరుగులూ కుట్లూ ఉంటాయి. సొంత చేత్తో వడికి నేసినవాళ్ళకి ఆ కుట్లు చాలు. ఇరవై నాలుగేళ్ళు మట్టిలో ఉన్న గుడ్డలో తన పురి, తన ముడి కనిపిస్తే ఆ మనిషి ఇంక ఎదురుచూడక్కర్లేదు.

ఈ ఫోటోల గురించి తెలుసుకున్నాక 'కనుమరుగవుతున్న కళ' లాంటి మాటలు నాకు పలచగా అనిపిస్తున్నాయి. కళ పోతే అందం పోతుందని బాధపడతాం. కానీ అందరూ దుకాణంలో ఒకేలాంటి స్వెటర్లు కొనుక్కున్న ఊళ్ళో ఆ గోతులు తవ్వి ఉంటే ఎంతమంది దొరికేవాళ్ళు?

నేత పోతోందన్నది కూడా నిజమే. రసాయన రంగులు 19వ శతాబ్దం చివరి నుంచే వచ్చాయి, తర్వాత ఫ్యాక్టరీ నూలు, యాక్రిలిక్. 'అల్పాకా' అని పేరు పెట్టి యంత్రం మీద తీసిన శాలువాలు ప్రతి సంతలోనూ ఉన్నాయి. పల్లె దుస్తుల్లో బడికెళ్తే వెక్కిరిస్తారని, పట్నంలో పని దొరకదని ఆ దుస్తులు మానేసిన తరాలున్నాయి. ఇంకోవైపు, చించెరో ఊరి నేతకారిణి నిల్దా కల్యఞావ్ప 1996లో మరికొందరితో కలిసి కుస్కోలో ఒక కేంద్రం పెట్టారు. పది గ్రామాలతో పనిచేస్తుంది. ముసలివాళ్ళకి మాత్రమే తెలిసిన పద్ధతుల్ని పిల్లలకి నేర్పిస్తారు. పితుమార్కాలో దాదాపు మరిచిపోయిన ఒక నేత, మధ్యలో పడుగు రంగు మారే తిక్ల్య, అలాగే మళ్ళీ మగ్గమెక్కింది. 2006లో ఇలారియా సూపా కుస్కో పల్లె దుస్తుల్లో పెరూ పార్లమెంటుకి వెళ్ళి, కెచువాలో ప్రమాణం చేసింది. కొందరు సభ్యులకి అది నచ్చలేదు. అరేచె తీర్పుకి అప్పటికి 225 ఏళ్ళు.

కేంద్రం బట్టల మీద చిన్న చీటీ ఉంటుంది, నేసినవాళ్ళ పేరుతో. కొనేవాళ్ళకి పేరు కావాలి. పితుమార్కా ఆడవాళ్ళకి ఆ చీటీ అక్కర్లేదు. అంచు తిరగేసి చూసి, ఇది ఫలానా ఇంటిదని చెప్పేస్తారు.